పది మంది లేరన్నంత మాత్రాన బాధ్యత తప్పదు

నూతన కార్మిక కోడ్‌లు - కోనసీమ చిన్న సంస్థల యజమానుల విధులు

(ప్రత్యేక వ్యాసం)

కొత్తపేట: గోదావరి పాయల నడుమ నెలకొన్న కొత్తపేట ప్రాంతంలో ఉపాధి కల్పించే సంస్థలలో అధిక భాగం చిన్నవే. రావులపాలెం అరటి మార్కెట్‌లోని కమీషన్ దుకాణాలు, అంబాజీపేట కొబ్బరి వర్తకుల గోదాములు, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టించే ఇళ్లు, లంకల ఒండ్రుమట్టిపై ఆధారపడిన ఇటుక బట్టీలు, కొబ్బరి పీచు యూనిట్లు, వస్త్ర దుకాణాలు, ప్రైవేటు ఆసుపత్రులు, పాఠశాలలు ఇందులో ముఖ్యమైనవి. నలుగురితోనో ఆరుగురితోనో నడిచేవి కొన్ని, పది పదిహేను మందితో నడిచేవి మరికొన్ని. కార్మిక చట్టాల ప్రస్తావన వచ్చినప్పుడు ఇటువంటి సంస్థల యజమానుల నుంచి సాధారణంగా వినిపించే సమాధానం ఒక్కటే: "మా వద్ద పది మంది లేరు, ఆ చట్టాలు మాకు వర్తించవు."

ఈ సమాధానంలో సగమే నిజం. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చిన విషయం విదితమే. వీటిలో కొన్ని విధులు సిబ్బంది సంఖ్యను బట్టి వర్తిస్తాయి. కొన్ని విధులు ఒక్కరు పనిచేస్తున్నా వర్తిస్తాయి. ఏది ఏ కోవకు చెందుతుందన్న విషయంలో యజమానులకే కాక క్షేత్రస్థాయి సిబ్బందికి, విలేకరులకు కూడా స్పష్టత అవసరమై ఉన్నది. జీతం బాకీ పడినప్పుడో, ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడో ఈ తేడా తెలియకపోవడం వల్ల నష్టపోయేది కార్మికుని కుటుంబమే.

29 చట్టాల స్థానంలో నాలుగు

వేతనాల కోడ్, 2019. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020. సామాజిక భద్రత కోడ్, 2020. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అనేవి ఈ నాలుగు. మొదటిదానికి 2019 ఆగస్టులోను, మిగిలిన మూడింటికి 2020 సెప్టెంబరులోను రాష్ట్రపతి ఆమోదం లభించినప్పటికీ, అమలు తేదీ ప్రకటించడానికి మరి కొన్ని సంవత్సరాలు పట్టింది. కనీస వేతనాల చట్టం 1948, ఫ్యాక్టరీల చట్టం 1948, ఉద్యోగుల పరిహార చట్టం 1923, గ్రాట్యుటీ చెల్లింపు చట్టం 1972 తదితర 29 కేంద్ర చట్టాలను ఇవి తమలో కలుపుకున్నాయి. పాత చట్టాల కింద చేసిన నియమాలు, నోటిఫికేషన్లు కొత్త కోడ్‌లకు విరుద్ధంగా లేనంత వరకు, కొత్తవి వచ్చేదాకా కొనసాగే ఏర్పాటు కోడ్‌లలోనే ఉన్నది. కావున "పాత చట్టం పోయింది, కొత్త నియమాలు రాలేదు" అన్న వాదనకు ఆస్కారం లేదు.

ఈ 29లో లేని చట్టాలు కూడా ఉన్నాయన్నది గమనార్హం. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 రాష్ట్ర చట్టం. దానికి రాష్ట్ర శాసనసభ 2025లో సవరణలు చేసింది. వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం 1976, బాల, కౌమార కార్మికుల చట్టం 1986, పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 కూడా కోడ్‌లలో విలీనం కాలేదు. ఇవి యథాతథంగా అమలులో ఉన్నాయి.

జీతం విషయంలో సంఖ్యతో నిమిత్తం లేదు

నాలుగింటిలో చిన్న సంస్థకు అత్యంత సన్నిహితమైనది వేతనాల కోడ్. కనీస వేతనం, సకాలంలో చెల్లింపు అనే రెండు విధులూ ప్రతి సంస్థకూ వర్తిస్తాయి. పూర్వం కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేర్చిన ఉపాధులకు మాత్రమే పరిమితమై ఉండేది. తమ పని ఆ జాబితాలో లేదని వాదించే వీలు ఉండేది. ఆ జాబితా పద్ధతిని కోడ్ తొలగించింది. కేంద్రం నిర్ణయించే కనీస ఆధార వేతనం కంటే తక్కువగా రాష్ట్రాలు కనీస వేతనాన్ని నిర్ణయించరాదని కూడా నిర్దేశించింది.

నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు చెల్లించాలి. వారం కూలి వారాంతపు సెలవుకు ముందటి పని దినాన, రోజు కూలి ఆ రోజు పని ముగిసే వేళకు ఇవ్వాలి. ఉద్యోగి తనంతట తాను మానుకున్నా, యజమాని తొలగించినా, రెండు పని దినాలలో బాకీ మొత్తం తీర్చివేయాలి. "లెక్క చూసి పండుగకు ఇస్తాం" అనే అలవాటుకు చట్టంలో చోటు లేదు. అదనపు గంటల పనికి సాధారణ వేతనానికి రెండింతలకు తగ్గకుండా చెల్లించవలసి ఉంటుంది. ఒకే పనికి స్త్రీ, పురుష, ట్రాన్స్‌జెండర్ భేదంతో వేర్వేరు కూలి ఇవ్వరాదు. మగవారికి ఒక రేటు, ఆడవారికి ఒక రేటు అనే పద్ధతి ఉన్న యూనిట్ల యజమానులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది.

కోతల విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి. దుకాణంలో సరుకు పోయినా, పగిలినా ఆ నెల జీతంలో పట్టుకోవడం తరచుగా వినవచ్చే ఫిర్యాదు. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే ఆ నష్టం నేరుగా జరిగి ఉండాలి. కోతకు ముందు అతని సంజాయిషీ వినాలి. జరిమానాలన్నీ కలిపి ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం దాటరాదు. 15 సంవత్సరాల లోపు వారికి జరిమానా వేయనే రాదు. అడ్వాన్సు, నష్టం, గైర్హాజరు వంటి అన్ని రకాల కోతలూ కలిపి ఆ వేతనంలో సగానికి మించరాదు.

వివాదం తలెత్తినప్పుడు నిరూపించవలసిన భారం ఎవరిపై ఉంటుందన్నది మరింత ముఖ్యమైన అంశం. జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో ఉద్యోగి క్లెయిము దాఖలు చేస్తే, బకాయి చెల్లించినట్లు రుజువు చేయవలసినది యజమానే. చేతికి నగదు ఇచ్చి, చిట్టా పుస్తకంలో రాసుకుని ఊరుకునే చిన్న వ్యాపారికి ఈ నిబంధన ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు. వేతన చీటీ, రిజిస్టరు, బ్యాంకు ద్వారా చెల్లింపు అనేవి ఉద్యోగి హక్కులు కావడంతో పాటు యజమానికి రక్షణ కవచాలు కూడా. నిర్ణీత వేతనం కంటే తక్కువ చెల్లిస్తే రూ.50 వేల వరకు జరిమానా, ఐదేళ్లలోపు అదే నేరం మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు లేదా రూ.1 లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

పది మంది దాటితే

భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోని విధులు సాధారణంగా పది లేదా అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకు వర్తిస్తాయి. ఇక్కడే లెక్కింపులో పొరపాట్లు దొర్లుతున్నాయి. గుమాస్తాలను ఆఫీసు మనుషులని, లోడింగు వారిని మేస్త్రి మనుషులని విడదీసి, మిగిలిన ఏడుగురినే తమవారిగా చూపడం సరికాదు. కోడ్‌లోని "కార్మికుడు" అన్న నిర్వచనంలో శారీరక శ్రమ చేసేవారితో పాటు గుమాస్తా పని, సాంకేతిక పని చేసేవారు కూడా ఉన్నారు. వర్కింగ్ జర్నలిస్టులు, మందులు తదితర వస్తువుల విక్రయ ప్రోత్సాహక ఉద్యోగులు సైతం ఇందులోకి వస్తారు. పరిపాలన హోదాలో ఉన్నవారు, నెలకు రూ.18 వేలకు మించి వేతనం పొందే పర్యవేక్షకులు మాత్రం రారు.

ఈ పరిధిలోకి వచ్చిన సంస్థ ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలి. కోడ్ అమలుకు ముందునుంచి పనిచేస్తూ పత్రం లేని వారికి అమలు తేదీ నుంచి మూడు నెలల్లో ఇవ్వవలసి ఉండగా, ఆ గడువు 2026 ఫిబ్రవరిలోనే ముగిసింది. చూడడానికి ఇది చిన్న కాగితమే. అయితే ప్రమాదం జరిగిన మరునాడు "అతడు మా మనిషి కాడు" అన్న మాట రాకుండా అడ్డుకునేది ఆ కాగితమే. 40 సంవత్సరాలు పైబడిన వారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష జరిపించాలని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. భద్రత కోసం కల్పించే సదుపాయాలకు, ఇచ్చే పరికరాలకు ఉద్యోగి నుంచి డబ్బు వసూలు చేయరాదు. వేతనంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత పూర్వం 240 రోజుల పని కాగా, ఇప్పుడు 180 రోజులకు తగ్గింది. ప్రతి 20 పని దినాలకు ఒక రోజు చొప్పున ఈ సెలవు జమ అవుతుంది. మహిళలను సాయంత్రం 7 గంటల తరువాత, ఉదయం 6 గంటలకు ముందు పనిలో ఉంచాలంటే వారి సమ్మతి తప్పనిసరి. భద్రతకు నిర్దేశించిన షరతులు పాటించాలి.

ఈఎస్‌ఐ, దుకాణాలలో గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనాలకు కూడా పదే ప్రమాణం. భవిష్య నిధికి, బోనసుకు, ఫిర్యాదుల పరిష్కార కమిటీకి 20 మంది. శిశు సంరక్షణ కేంద్రానికి, కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకు 50 మంది. స్థాయీ ఉత్తర్వులకు 300 మంది. భవిష్య నిధి, ఈఎస్‌ఐ వంటివి ఒకసారి వర్తించిన తరువాత సిబ్బంది సంఖ్య తగ్గినా వర్తింపు కొనసాగుతుంది. కావున ఇద్దరిని మాన్పించి పరిధి నుంచి బయటపడదామనుకోవడం వృథా ప్రయాస.

ప్రమాదకర పనికి లెక్క వేరు

2025 అక్టోబరు 8న, దీపావళికి కొద్ది రోజుల ముందు, కోనసీమ జిల్లా రాయవరం మండలంలోని ఒక బాణసంచా తయారీ కేంద్రంలో సంభవించిన పేలుడులో పలువురు ప్రాణాలు కోల్పోయారు. మృతులలో మహిళలు కూడా ఉన్నారు. సంక్రాంతికి కొత్తపేట ప్రభల తీర్థంలో బాణసంచా వెలుగులు చూడడానికి చుట్టుపక్కల గ్రామాలన్నీ తరలివచ్చే ప్రాంతమిది. ఆ వెలుగుల వెనుక మందు కూరే చేతులు ఉంటాయన్న సంగతి ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడు గాని చర్చకు రాదు.

బాణసంచా తయారీకి పేలుడు పదార్థాల చట్టం 1884, దాని కింద 2008లో చేసిన నియమాల ప్రకారం లైసెన్సు అవసరం. లైసెన్సు ఉన్నంత మాత్రాన కార్మిక చట్టాల కింది బాధ్యత తీరిపోదు. అవి రెండూ వేర్వేరు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రమాదకర, ప్రాణాపాయకర కార్యకలాపాలు జరిగే సంస్థలకు పది మంది పరిమితి వర్తించదని భద్రత కోడ్ స్పష్టం చేస్తున్నది. అదే విధంగా నోటిఫై చేసిన ప్రమాదకర వృత్తులలో ఒక్క ఉద్యోగి ఉన్నా ఈఎస్‌ఐ వర్తింపజేయడానికి సామాజిక భద్రత కోడ్ వీలు కల్పించింది. యజమాని తన విధిని నిర్వర్తించకపోవడం వల్ల మరణం సంభవించినట్లు రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం మృతుని వారసులకు ఇవ్వాలని న్యాయస్థానం ఆదేశించవచ్చు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఇటువంటి ఏర్పాటు లేదు.

రాజీ పత్రం పరిహారం కాదు

ఈఎస్‌ఐ వర్తించే చోట ప్రమాద పరిహారం ఆ సంస్థ నుంచే అందుతుంది. అది వర్తించని చోట, అంటే పది మంది లోపు ఉన్న సాధారణ సంస్థలలో, పరిహారం చెల్లించే బాధ్యత నేరుగా యజమానిపై పడుతుంది. సామాజిక భద్రత కోడ్ రెండో షెడ్యూలులో పేర్కొన్న పనులు చేసేవారికి ఇది వర్తిస్తుంది. యజమాని వద్ద ఇంతమంది ఉండి తీరాలన్న సాధారణ నియమమేదీ ఇక్కడ లేదు. మరో విధంగా చెప్పాలంటే, సంస్థ చిన్నదైన కొద్దీ ఈ భారం తగ్గడం లేదు. బీమా అండ లేక యజమాని ఒక్కడిపైనే పడుతున్నది.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. ఉద్యోగి మరణిస్తే అతని నెల వేతనంలో 50 శాతాన్ని వయస్సును బట్టి షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. ఉదాహరణకు 40 సంవత్సరాలు నిండిన వ్యక్తి నెలకు రూ.12 వేలు సంపాదిస్తుంటే, రూ.6 వేలను 184.17తో హెచ్చించగా రూ.11,05,020 వస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస మొత్తం ఇంతకన్నా ఎక్కువైతే అదే చెల్లించాలి. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 50 శాతం బదులు 60 శాతం లెక్కకు వస్తుంది. అంత్యక్రియల ఖర్చు దీనికి అదనం. ఇంటి నుంచి పనికి వచ్చేటప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు జరిగిన ప్రమాదం కూడా, ఉద్యోగంతో దానికి సంబంధం ఉన్నట్లు తేలితే, పరిహారానికి అర్హమే. నెల రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ పడుతుంది. జాప్యానికి సరైన కారణం చూపకపోతే బాకీలో 50 శాతం వరకు అదనపు మొత్తం కూడా విధించవచ్చు.

గ్రామీణ ప్రాంతాలలో ఇటువంటి మరణాలు జరిగినప్పుడు పెద్దల సమక్షంలో ఒక మొత్తానికి ఒప్పుకుని, కుటుంబం చేత కాగితంపై వేలిముద్ర వేయించుకోవడం కనిపిస్తున్నది. ఇరుపక్షాలూ దానితో వ్యవహారం ముగిసినట్లు భావిస్తాయి. చట్టం దృష్టిలో ముగియలేదు. మరణ పరిహారాన్ని అధీకృత అధికారి వద్ద జమ చేయడం ద్వారానే చెల్లించాలి. నేరుగా కుటుంబానికి ఇచ్చిన సొమ్ము పరిహారం చెల్లింపుగా పరిగణింపబడదు. మూడు నెలల వేతనం మేరకు అడ్వాన్సుగా ఇచ్చిన మొత్తానికి మాత్రమే మినహాయింపు ఉన్నది. వితంతువుకు, మైనరు పిల్లలకు, వృద్ధ తల్లిదండ్రులకు ఎవరి వాటా ఎంతో నిర్ణయించి వారికి చేర్చడం అధికారి బాధ్యత. రాజీ జరిగిందన్న వార్త అందినప్పుడు, సొమ్ము ఎక్కడ జమ అయిందన్న ప్రశ్న వేయడం విలేకరులకు ఉపయుక్తంగా ఉంటుంది.

కొబ్బరి దింపు కార్మికుని పరిస్థితి దీనికి భిన్నం. ఈ రోజు ఒక తోటలో, రేపు మరో తోటలో చెట్టెక్కే వ్యక్తికి యజమాని ఎవరన్నదే తేలడం కష్టం. కోడ్‌లు ఈ చిక్కును పూర్తిగా విప్పలేదనే చెప్పాలి. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికునిగా నమోదు కావడం, ఏటా రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా కల్పించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరడం ప్రస్తుతం అటువంటి వారికి అందుబాటులో ఉన్న మార్గాలు.

ఒకే బట్టీ, రెండు చట్టాలు

ఇటుక బట్టీలో పక్కపక్కన పనిచేస్తున్న రెండు కుటుంబాలను ఊహించుకుంటే ఒక విచిత్రం బయటపడుతుంది. ఒకటి ఒడిశా నుంచి, మరొకటి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవి. ఇద్దరిదీ ఒకే పని, ఒకే పాక. అయినా అంతర్రాష్ట్ర వలస కార్మికులు మొదటివారే. పది లేదా అంతకు మించి అటువంటి కార్మికులు ఉన్న సంస్థలో, నెలకు రూ.18 వేల లోపు వేతనం పొందుతూ, గడచిన 12 నెలలలో 180 రోజులకు తగ్గకుండా పనిచేసినవారికి సొంత ఊరికి రాకపోకల భత్యం యజమాని ఇవ్వాలి. కాంట్రాక్టరు ద్వారా రాక తమంతట తాము వచ్చి పనిలో చేరినవారిని కూడా కొత్త కోడ్ ఈ నిర్వచనంలో చేర్చింది. 1979 నాటి చట్టంలో వీరికి చోటు లేదు. శ్రీకాకుళం కుటుంబానికి ఈ భత్యం రాదు. కనీస వేతనం, కోతల పరిమితి, ప్రమాద పరిహారం మాత్రం ఇద్దరికీ సమానమే. అడ్వాన్సు తీరేదాకా బట్టీ విడిచి వెళ్లరాదని నిర్బంధిస్తే అది అప్పు వ్యవహారం కాదు, వెట్టిచాకిరీ నిషేధ చట్టం కిందకు వచ్చే నేరం.

ఆరుగురున్న దుకాణంలో ఆమె ఫిర్యాదు

పది మంది లోపు సంస్థలకు వర్తించదన్న అపోహ ఎక్కువగా ఉన్న మరో చట్టం 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం. పది మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. చేయకపోతే రూ.50 వేల వరకు జరిమానా. అంతకంటే తక్కువ మంది ఉన్నప్పుడు, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయినప్పుడు, బాధితురాలు జిల్లాలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఇళ్లలో పనిచేసే మహిళలకు కూడా ఈ అవకాశం ఉన్నది. జిల్లా అధికారి ఈ కమిటీని నియమించడంతో పాటు, ఫిర్యాదులు స్వీకరించి ఏడు రోజుల్లో కమిటీకి పంపేందుకు మండల స్థాయిలో నోడల్ అధికారిని కూడా నియమించాలి. ఈ నియామకాలు అనేక చోట్ల కాగితాలకే పరిమితమైన నేపథ్యంలో సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న అన్ని రాష్ట్రాలకు గడువులతో కూడిన ఆదేశాలు జారీ చేసింది. అమలాపురం వరకు వెళ్లలేని ఒక వస్త్ర దుకాణం ఉద్యోగినికి మండలంలో నోడల్ అధికారి ఎవరో తెలియడమే ఈ చట్టం అమలులో తొలి మెట్టు. ఆ అధికారి పేరు, హోదా మండల కార్యాలయం బయట బోర్డుపై ఉన్నదా లేదా అన్నది ఎవరైనా చూడగలిగిన విషయమే.

పత్రికా రంగానికి సంబంధించి ఒక మాట. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు అవసరం కాగా, వర్కింగ్ జర్నలిస్టులకు మూడేళ్లు చాలని సామాజిక భద్రత కోడ్ పేర్కొన్నది. నిర్ణీత కాల ఉద్యోగులకు ఐదేళ్ల నిబంధన లేదు. ఇతరుల నియామక పత్రాల గురించి వార్తలు రాసే మండల విలేకరులలో ఎందరికి సొంత నియామక పత్రం ఉన్నదన్నది వారికే తెలియాలి.

తనిఖీ, గడువులు

కొత్త విధానంలో ఇన్‌స్పెక్టర్ హోదా "ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్"గా మారింది. వేతనాల కోడ్ కింద ప్రాసిక్యూషన్‌కు ముందు, లోపాన్ని సరిదిద్దుకోవడానికి యజమానికి లిఖితపూర్వకంగా గడువు ఇవ్వాలి. ఆ గడువులో సరిదిద్దుకుంటే కేసు ఉండదు. ఐదేళ్లలోపు అదే తరహా ఉల్లంఘన మళ్లీ జరిగితే ఈ వెసులుబాటు లభించదు.

కార్మికుల వైపు నుంచి కూడా కాలపరిమితులు ఉన్నాయి. వేతన బకాయి క్లెయిమును మూడేళ్లలోపు దాఖలు చేయాలి. ప్రమాద పరిహారానికి ప్రమాదం లేదా మరణం జరిగిన తేదీ నుంచి రెండేళ్లు. లైంగిక వేధింపుల ఫిర్యాదును సంఘటన జరిగిన మూడు నెలల్లో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉన్నది. రాయడం రాని మహిళకు ఫిర్యాదు రాయడంలో సహకరించవలసిన బాధ్యతను కూడా చట్టం ఆ కమిటీపైనే ఉంచింది.